స్వర్ణముఖి మలుపులో కాళహస్తి

మా గూడూరువారికి శ్రీకాళహస్తి తెలియని ఊరు కాదు. ఇంట పెండ్లి కుదరక జాప్యమైనను, పుట్టిన బిడ్డ జాతకమున రాహుకేతువులు అనుకూలముగ లేరని సిద్ధాంతిగారు చెప్పినను, వ్యాపారము కలిసిరాకున్నను, తెల్లవారుజామున బయలుదేరి కాళహస్తికి పోయి, పూజ చేయించుకొని, భోజనమువేళకు మరల ఇల్లు చేరుకొనుట మాకు తరతరముల అలవాటు. ఇంతగా పోయివచ్చుచున్నను ఆ ఊరిని నిలిచి చూచినవారు మాలో మిక్కిలి అరుదు. ఆలయమును దర్శింతురు, ఆలయమునకు పడమటి వైపున పారు నదిని కన్నెత్తియైనను చూడరు. ఒక నది తన దారిలో ఒకచోట మలుపు తిరిగి, ఆ మలుపున ఒక దేవళమునకును, దేవళము చుట్టు ఒక పట్టణమునకును, ఆ పట్టణములో ఒక అపూర్వమైన చేతిపనికిని ఎట్లు తావిచ్చినదో తీరికగా చూడవలెనను కోరిక నాకు చాలకాలముగా కలదు. వానలు వెనుకపట్టి, ఏటిలో ఇంకను నీరున్న మార్గశిర మాసమున ఆ కోరిక తీరినది.

గూడూరు విడిచి పడమరగా సాగు రైలుమార్గము చెన్నపట్నపు దారివలె సందడి గలది కాదు. ఊరు దాటగనే నిమ్మతోటలు; వాని నడుమ వరిమళ్లు; ఆపైన బీడుభూములు, తుమ్మలు, తాళ్లు. ఉత్తరదేశపు నగరములకు లారీలకొలది నిమ్మకాయలు పంపు ఊరు మాది. అంతకు పూర్వము సైదాపురము వైపునున్న అభ్రకపు గనులవలన సముద్రముల కావల పేరు వినబడిన ఊరును మాదే. రైలుపెట్టెలో ఆనాడు సగము బరువు నిమ్మకాయల గోతాములదే. ఆ వాసన పెట్టె యంతయు నిండి యుండెను. పడమట వెలికొండలు మొదట పొగవలె లేచి, క్రమక్రమముగా నీలమై, వెంకటగిరి సమీపించునప్పటికి చెట్టుచెట్టును లెక్కింపదగినంత దగ్గరకు వచ్చినవి. సముద్రతీరపు చదునుమీద పుట్టి పెరిగిన మావంటివారికి కొండ కనబడగనే మనస్సు లేచి కూర్చుండును. దాని కారణము నాకు తెలియదు, కాని ప్రతిమారును అట్లే జరుగును.

నా యెదుట కూర్చున్న పెద్దమనిషి వెంకటగిరి నేతగాడు. ఆయన డబ్బా మూత తీసి, అందలి పులిహోరను ముందుగా నాకే చాచి, నేను తీసుకొనువరకు తాను ముద్ద ముట్టలేదు. "కాళాస్తికాన్నా? పూజా?" అని అడిగెను. ఊరును, ఏటిని చూడబోవుచున్నానని చెప్పితిని. "ఏట్లో ఏముండాదన్నా చూసేదానికి?" అని ఆశ్చర్యపడి, మరల తానే కొంతసేపు ఆలోచించి, "మా కైవల్య కూడా అంతే. మా నాయన దాంట్లో ఈదినాడంట. మేం దాటినామేగాని ఈదలా" అనెను. వెలుగోటి ప్రభువుల వెంకటగిరి కైవల్యానది పక్కనున్నది; ఆ ఊరి మగ్గముల మీద నేయు చీరలోని నూలు చలువ దక్షిణదేశమంతట తెలిసినదే. ఆయన దిగిపోవుచు తలుపుదగ్గర నిలిచి, "ఈ సారి మా ఇంటికి రాండి, మగ్గం చూపిస్తా" అని చెప్పి పోయెను. ఊరుపేరు తప్ప మరేమియు ఎరుగని బాటసారిని ఇంటికి పిలుచు ఈ మర్యాద మన సీమలో ఇంకను మిగిలియున్నది.

వెంకటగిరి దాటిన తరువాత నేల రంగు మారును. నల్లని తడినేలలు వెనుకబడి ఎఱ్ఱమట్టియు, రాతిగుట్టలును, చింతచెట్లును ముందుకు వచ్చును. ఈ ప్రాంతము మీదుగనే కండలేరు జలాశయమునుండి పూండికి కృష్ణాజలములను గొనిపోవు తెలుగుగంగ కాలువ సాగుచున్నది. దానిని గూర్చి ముందు చెప్పవలసిన మాట యొకటి కలదు.

కాళహస్తిని మొదట కొండమీదినుండి చూడవలెనని పెద్దలు చెప్పగా విని, ఊరు చేరిన సాయంకాలమే కన్నప్పకొండ యెక్కితిని. మెట్లు ఆగియాగి యెక్కదగినవి. పైన నిలిచి చూచినప్పుడు ఈ పట్టణపు భూగోళమంతయు అరచేతిలోని రేఖలవలె విడివిడిగా కనబడును. దక్షిణమున కన్నప్పకొండ, ఉత్తరమున దుర్గమ్మకొండ, తూర్పున కుమారస్వామికొండ; మూడుదిక్కుల కొండలు, నాల్గవదిక్కున నది. ఈ నాల్గింటి నడుమ చిక్కిన కొద్దిపాటి నేలలో దేవళము, మాడవీధులు, వానిని ఆనుకొని ఇండ్లు. పాకాల సమీపపు కొండలలో పుట్టి, చంద్రగిరి దాటి, తొండవాడయొద్ద భీమానదిని, కళ్యాణీనదిని తనలో కలుపుకొని, తిరుపతికి దక్షిణముగ తిరుచానూరు పొలిమేరలను తడిపి ఈశాన్యముగా వచ్చు స్వర్ణముఖి, ఇచ్చటి కొండలు అడ్డుపడగా కొంతదూరము ఉత్తరముఖముగ పారును. ఉత్తరవాహినియైన నది పవిత్రమని మనవారి విశ్వాసము; కాశిలో గంగయు అట్లే తిరుగుటచేతనే ఆ క్షేత్రమున కంతటి మహిమ అని చెప్పుదురు. కాళహస్తిని దక్షిణకాశి యని పిలుచుటకు ఈ మలుపును ఒక కారణమే.

భక్తుని దృష్టి అట్లుండగా, ఊరు కట్టువాని దృష్టితో చూచినను ఈ తావు ఎన్నదగినదే. మూడువైపుల కొండ కావలి. నాల్గవవైపు నీరు, మెత్తని ఇసుక, ఒండ్రుమట్టి. తిరుపతినుండి తీరమునకు, వెంకటగిరినుండి కంచికి పోవు బాటసారి ఏదో యొకచోట ఏరు దాటవలెను. దాటినచోట చెట్టుక్రింద బండి విప్పి వండుకొనవలెను. ఇట్లే మధ్య ఐరోపాలోని బొహీమియా సీమలో వ్లతావా నది యొక రాతికొండను చుట్టి వలయముగా తిరిగినచోట చెస్కీ క్రుమ్లోవ్ అను చిన్నపట్టణము వెలసినది. అచ్చట కొండపై కోట, ఇచ్చట కొండపాదమున కోవెల. దేశము వేరు, మతము వేరు; నది మలుపును చూచి మనుష్యుడు ఆగిపోవుట మాత్రము ఒక్కటే.

మరునాటి ఉదయము దర్శనమునకు పోయితిని. పంచభూతలింగములలో ఇది వాయులింగము. గాలి చొరరాని గర్భాలయములో ఒక దీపము మాత్రము నిరంతరము కదలుచుండునని చెప్పుదురు; నేనును ఆ కదలికను చూచి, కొంతసేపు మాటలేక నిలిచితిని. అర్చకులైనను మూలలింగమును చేతితో తాకరు. సాలెపురుగు, పాము, ఏనుగు, వీనితోపాటు కన్నప్పయని పేరొందిన వేటకాడు తిన్నడు ఇచ్చట ముక్తి పొందిరని స్థలపురాణము. చదువులేనివారికి, జాతిలేనివారికి, తుదకు పురుగునకు సైతము సమానముగ చోటిచ్చిన ఇట్టి కథను తన ముంగిట నిలుపుకొన్న క్షేత్రము మరియొకటి నాకు తోచదు. ఆ వేటకాడు శివునికి తన కన్ను పెకలించి యిచ్చిన కొండయే ఊరిలో ఎత్తైన తావులలో నొకటి యగుట ఊరికే జరిగినది కాదనుకొందును.

ఈ ఊరి చరిత్ర ఒక రాజ్యమునకు చెందినది కాదు. అప్పర్, సంబంధర్, సుందరర్ అను తమిళ శివభక్తులు తమ తేవారములలో ఈ స్థలమును కీర్తించిరి. చోళులు రాతికట్టడము పెంచిరి. విజయనగర ప్రభువులు దానికి ఎత్తును, విశాలతను ఇచ్చిరి. శ్రీకృష్ణదేవరాయలు 1516లో నూరుకాళ్ల మండపమును, ఏడంతస్తుల గాలిగోపురమును కట్టించెను. ఆయన తమ్ముడు అచ్యుతదేవరాయలు 1529లో విజయనగర సింహాసన మెక్కుటకు ముందు ఈ స్వామి సన్నిధినే పట్టాభిషిక్తుడైనట్లు చరిత్రకారులు చెప్పుదురు. ఆ కాలపువాడే ధూర్జటి. రాజులను కొలుచుట ఎంత హీనమో అంత నిష్కర్షగా తెలుగులో చెప్పిన కవి మరియొకడు లేడు. అట్టి కవి రాయల ఆస్థానముననే యుండెననియు, కాళహస్తీశ్వరునికి తప్ప మనస్సు మరెవ్వరికిని ఇయ్యలేదనియు మన సాహిత్య సంప్రదాయము. రాజు కట్టించిన గోపురపు నీడలో నిలిచి రాజుల నధిక్షేపించు శతకము వెలువడుట ఆ యుగపు ఔదార్యమునకే చెల్లినది.

ఆ గోపురము 2010 మే 26న కూలిపోయినది. ఇంచుమించు అయిదు శతాబ్దములు గాలివానలకు ఓర్చి నిలిచినది పగుళ్లు విచ్చి, ఒక్క రాత్రివేళ నేలమట్టమైనది. వీధిలో మాలలు కట్టు ఒక వృద్ధురాలిని ఆ సంగతి అడిగితిని. ఆమె చేతిలోని దారము ఆపలేదు. "ముందునుంచే చీలతా ఉన్నింది సామీ. దూరంగా ఉండమని చెప్పినారు. పడినప్పుడు దుమ్ము లేచి ఏమీ కనపళ్లా. తెల్లారి చూస్తే ఆకాశం బోడిగా ఉండాది. మా ఇంట్లో పెద్దాయన పోయినట్టు ఆ పొద్దు పొయ్యి ఎలిగించలా" అని చెప్పినది. క్రొత్త గోపురము కట్టి 2017లో కుంభాభిషేకము చేసిరి. అది నిండుగా, అందముగానే యున్నది. అయినను రాతికి వయస్సు వచ్చుటకు రాయి మాత్రము చాలదు, ఏండ్లు కావలెను. ఆ వృద్ధురాలు మాత్రము ప్రతి ఉదయమును క్రొత్తగోపురమునకే మొక్కి బుట్ట దించుచున్నది. ప్రజల భక్తి శిల్పమునకంటె దీర్ఘాయువు గలది.

భోజనమునకు మాడవీధుల సందడి వదలి లోపలి వీధిలోని యొక చిన్న పూటకూటింటికి పోయితిని. వేడివేడి రాగిసంకటి ముద్ద, పప్పుచారు, చెనిగ్గింజల ఊరిబిండి, మీద పచ్చి ఉల్లిగడ్డ. మా గూడూరు ప్రాంతపు భోజనము వరియన్నముది. పుల్లమామిడి వేసిన చేపల పులుసుది. వాగులును, సముద్రమును వడ్డించు భోజనమది. ఇది మెట్టనేల వడ్డించునది. రెండింటికి నడుమ రైలులో పూటప్రయాణము కూడ లేదు. అయినను ముద్ద చేతిలోనికి తీసుకొనగనే రాయలసీమ గడప దాటి లోనికి వచ్చితినని తెలిసినది. సంకటిని నమలరాదు, నడుమ గుంటచేసి పులుసు పోసి మ్రింగవలెనని వడ్డించు ఇల్లాలు నాకు ఓపికగా చూపి, "ఇంకొంచెం పెట్టించుకోండి, ఎండలో తిరిగేవాళ్లకు ఇదే బలం" అని అడుగకయే మరియొక ముద్ద వేసినది. లెక్కలో ఆ రెండవ ముద్ద చేరలేదు.

ఇక దామర్లవారి మాట. విజయనగరము బలహీనమైన పిమ్మట ఈ సీమ వెలమ నాయకులైన దామర్లవారి యేలుబడిలోనికి వచ్చినది. ఆ వంశపు వేంకటాద్రి నాయకుడే 1639లో ఇంగ్లీషు కంపెనీవారికి సముద్రతీరమున ఇసుకపఱ్ఱను కోట కట్టుకొనుటకు ఇచ్చెను. ఆతని తండ్రి చెన్నప్పనాయకుని పేరుమీద అచ్చట వెలసిన ఊరు చెన్నపట్నమైనది. తరువాతి కాలమున కాళహస్తి జమీందారీ ఉత్తర ఆర్కాటు, చెంగల్పట్టు జిల్లాలలోను, మా నెల్లూరు సీమలోను వ్యాపించియుండెను. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడగా ఊరు అందు చేరినది. 1948 నాటి చట్టముతో జమీందారీ పోయినది. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు కాళహస్తియు, మా గూడూరును ఒక్క జిల్లా గొడుగుక్రిందికి వచ్చినవి. జిల్లాల గీతలు పాలకుల సౌకర్యముకొరకు మారుచుండును. కొండలును ఏరులును గీసిన గీతలు మారవు. చెన్నపట్నమునకు నేల యిచ్చిన ప్రభువుల సీమ మీదుగనే ఈనాడు చెన్నపట్నపు దాహము తీర్చు కృష్ణాజలములు పోవుచున్నవి. 1983లో కుదిరిన ఒప్పందము ప్రకారము కట్టిన కాలువలో 1996లో తొలిసారిగ నీరు పూండి చేరినది. ఇంతటి దాతృత్వము గల సీమలో పుట్టిన నదికి మాత్రము తన నీరు తనకు లేకపోవుట చూచినప్పుడు కడుపు తరుగుకొనిపోయినది.

ఆ సంగతి నాకు బోధపడినది కలంకారీ పనివారి ఇంటిలో.

కాళహస్తి కలంకారీ యనగా అచ్చులతో అద్దునది కాదు; అది మచిలీపట్నము, పెడన వైపు పద్ధతి. ఇచ్చట గీత యంతయు కలముతోనే. వెదురుపుల్ల కొన చెక్కి, దానికి కొంచెము పైగా ఉన్నియో, పాతగుడ్డయో చుట్టి దారముతో బిగించిన కలము. వ్రేళ్లతో ఆ చుట్ట నొత్తినకొలది రంగు కొనకు దిగును. నేను పోయిన ఇంటిలో తల్లియు, కోడలును వసారాలో చాపపై కూర్చుండి సీతారామ పట్టాభిషేకము గీయుచుండిరి. కోడలు చింతబరికెల బొగ్గుతో రూపురేఖ లుంచుచుండెను. తల్లి వానిమీద కసిమితో నల్లగీత నడుపుచుండెను. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపునీటిలో దినముల తరబడి నానబెట్టి పులియనిచ్చినచో వచ్చు ద్రవమే కసిమి. అది కుండలో నున్నప్పుడు పలుచని బూడిదనీరువలె తోచును. కరక్కాయ పట్టించిన బట్టను తాకినంతనే కాటుకవలె నలుపెక్కును. ముతకబట్టను మొదట బాగుగ ఉతికి, గంజి వదల్చి, కరక్కాయపొడి కలిపిన ఎనుపపాలలో ముంచి ఎండబెట్టుదురు. పాలలోని క్రొవ్వు రంగును ప్రాకనీయక గీసినచోటనే నిలిపియుంచును. ఎఱుపు రావలసినచోట పటికనీరు పూయుదురు. పటిక యున్నచోటనే చెట్ల వేళ్లనుండి, పట్టలనుండి తీసిన ఎఱ్ఱరంగు పట్టును, లేనిచోట పట్టదు. కరక్కాయపూవు పసుపు నిచ్చును. నీలిమందు నీలము నిచ్చును.

ఇన్ని వస్తువులు చెప్పి, తల్లి చివర చెప్పినది నీటిమాట. ఒక్కొక్క రంగునకు ముందును, వెనుకను బట్టను ఉతుకవలెను. "పారే నీళ్లే కావాల సామీ. నిలవ నీళ్లల్లో ముంచితే పటిక విడిచిపోయి పక్క బొమ్మకు అంటుకుంటాది. ఆడ ఎరుపు పడకూడదు గదా. ఏట్లో అయితే బట్ట అట్ట పరిచి పట్టుకుంటే చాలు, నీళ్లే తీసకపోతాయి. ఉతికి ఇసక మింద ఆరేస్తే తెలుపు తేలతాది" అని ఆమె చెప్పుచుండగా, నదికిని ఈ కళకును గల బంధము నాకు మొట్టమొదటిసారిగ విశదమైనది. ఈ ఊరిలో ఈ పని పుట్టుటకు దేవాలయము ఒక కారణము. గుడులలో వ్రేలాడదీయుటకు, రథములకు కట్టుటకు రామాయణ భారత కథలను బొమ్మలుగా గీసి, వానిక్రింద తెలుగులో కథను వ్రాసిన పటములు కావలసియుండెను. కాని కోరిక గల గుడులు మన దేశమున ఎన్నియో కలవు. గడపయొద్దనే పారుచు, స్వచ్ఛమై, ఒడ్డున విశాలమైన తెల్లని ఇసుకతిన్నెలు గల ఏరు అన్ని గుడులకు లేదు. స్వర్ణముఖి ఈ పనిలో పాలుపంచుకొన్న కార్మికురాలు. చేతులు గీసినవి, నది కడిగినది, ఎండ తేర్చినది.

ఇరువదవ శతాబ్దపు నడిమికి వచ్చునప్పటికి ఈ విద్య తెలిసిన కుటుంబములు వ్రేళ్లమీద లెక్కింపదగినంతకు తగ్గిపోయెను. కమలాదేవీ చట్టోపాధ్యాయ పూనికవలన 1950ల దశకపు చివర ఇచ్చట ప్రభుత్వ శిక్షణకేంద్రము వెలసినది. జొన్నలగడ్డ లక్ష్మయ్యవంటి గురువులు క్రొత్తతరమునకు కలము పట్టుట నేర్పిరి. జొన్నలగడ్డ గుఱ్ఱప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చినది. 2005లో శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు లభించినది. చావబోయిన విద్యను బ్రదికించిన ఆ మహనీయులకు తెలుగుజాతి ఋణపడియున్నది. అయితే భౌగోళిక గుర్తింపు అను మాటలో భూగోళమే ముందున్నది గదా! ఆ భూగోళములోని నది యెట్లున్నదని అడిగితిని. "వానల్లో నాలుగు దినాలు ఏట్లో ఉతుకుతాం. తక్కిన దినాలు నీళ్లు ఏడుంటే ఆడికి మూటలు కట్టుకోని పోతాం. లేకపోతే బోరు నీళ్లు తొట్లో పారించుకుంటాం. ఉప్పునీళ్లయితే రంగు తేలదు" అని కోడలు తలయెత్తకయే చెప్పినది.

నాటి సాయంకాలము ఏటియొడ్డున నడచితిని. వానలు పోయిన కొలది కాలమే యైనను, నీరు నదీగర్భములో నడుమ సన్నని పాయగా మాత్రమే పారుచుండెను. ఒడ్డున ఊరి మురుగు కాలువలు దిగినచోట నీటిరంగు మారియుండెను. పూజలలో వదలిన బట్టలు ముండ్లకంపలకు చిక్కి వ్రేలాడుచుండెను. గొఱ్ఱెలు తోలుకొని వచ్చిన ఒక వృద్ధుడు నా పక్కన చతికిలబడి, "మా చిన్నప్పుడు ఇసకలో మోకాల్లోతు తవ్వితే చెలమ ఊరేది నాయనా. ఎండాకాలంలోనూ అంతే. ఇప్పుడు ఇసకే లేదు, ఇంక చెలమేడ?" అనెను.

ఆయన మాటలో జలశాస్త్ర మంతయు నున్నది. స్వర్ణముఖి ఎప్పుడును జీవనది కాదు. ఇంచుమించు నూటముప్పది కిలోమీటర్ల పొడవు గల ఈ ఏరు ముఖ్యముగా ఆశ్వయుజ కార్తికముల ఈశాన్య ఋతుపవనముపై ఆధారపడినది. ఏడాదిలో కొద్దినెలలు పైన పారి, తక్కిన నెలలు ఇసుకక్రింద పారుట దాని స్వభావము. లోతైన ఇసుక నీటిని త్రాగి, ఎండతగులకుండ దాచి, ఒడ్డుబావులకు, ఊటకాలువలకు, చెలమలకు కొంచెముకొంచెముగా విడిచిపెట్టును. చిత్తూరు సీమలోని పల్లెలు చెరువులతోపాటు ఈ ఊటకాలువలమీద ఆధారపడి బ్రదికినవి. ఎగువ కళ్యాణీనదిపై 1970ల దశకమున తిరుమల తిరుపతుల నీటికొరకు ఆనకట్ట వచ్చినది, పట్టణములు పెరిగినవి, గొట్టపుబావులు లోతుకు పోయినవి, ఇసుక లారీలకెక్కినది. ఇసుక పోయిన ఏటిలో వాన వచ్చినప్పుడు నీరు ఇంకదు, ఉరుకును; వాన పోయినప్పుడు మిగులదు. 2021 నవంబరులో తిరుపతి ప్రాంతమును ముంచెత్తిన వరదను, మరుసటి వేసవిలోనే ఎండి బీటలు వారిన నదీగర్భమును చూచినవారికి ఈ రెండును ఒకే రోగపు రెండు లక్షణములని వేరుగ చెప్పనక్కరలేదు. ఆలయము కట్టిన కూలీలకు ఈ ఏటి ఇసుకనే జీతముగా కొలిచి యిచ్చిరనియు, ఎవరి కష్టమునకు తగినంత వారి చేతిలో అది బంగారమయ్యెననియు ఊరిలో కథ చెప్పుదురు. కష్టపడినవారి చేతిలో మాత్రమే బంగారమైనదని ఆ కథ. కథ చెప్పిన పూర్వులు ఇసుక విలువ ఎరిగినవారే.

తిరుగుదారి పట్టుటకు ముందు ఎగువకు పోయి గుడిమల్లము చూచితిని. ఏర్పేడు దాటి, స్వర్ణముఖి యొడ్డున పొలములమధ్య చిన్న గుడి. అందలి లింగము క్రీస్తునకు పూర్వపు శతాబ్దములదని పండితులు పెక్కుమంది అందురు. ఇంచుమించు అయిదడుగుల ఆ రాతిపై వేటకాని రూపమున శివుడు మరుగుజ్జు భుజములమీద నిలిచియున్నాడు. గర్భాలయము నేలమట్టమునకు దిగువగా నున్నది. మెట్లు దిగిపోవునప్పుడు కాలికి తగిలిన చలువ ఏటిదేనని అనిపించినది. ఆ సమయమున నేనును, అర్చకుడును తప్ప మరెవ్వరును లేరు. గోపురములు లేని కాలమునుండియు ఈ నదియొడ్డున మనుష్యులు మొక్కుచున్నారు. కన్నప్పకు పూర్వమే ఇచ్చట దేవుడే వేటకానివలె నిలిచినాడు. కాళహస్తిలో దొరకని ఏకాంతము అచ్చట దొరకినందున చాలసేపు కదలలేకపోయితిని.

మరలివచ్చునప్పుడు రైలు విడిచి రోడ్డున నాయుడుపేటమీదుగ వచ్చితిని. నదికి తోడుగ తూర్పునకు దిగుచున్నకొలది కొండలు వెనుకబడి, వరిపొలములు మరల విప్పారినవి. నాయుడుపేటయొద్ద స్వర్ణముఖి వెడల్పై, కోట, వాకాడు ప్రాంతముల పొలములకు నీరిచ్చి బంగాళాఖాతమున కలియును. అనగా గూడూరు ప్రాంతపు మాగాణికి కాళహస్తి ఏరు పరాయిది కాదు. ఎగువ జరిగిన ప్రతి నష్టమును దిగువవారము మేమే అనుభవించుచున్నాము. మా ఊరిప్రక్కనున్న పంబలేరును వరదవార్త వచ్చినప్పుడు తప్ప మేము తలచుట లేదన్న సంగతియు నాయుడుపేటయొద్ద ఏరు దాటునప్పుడు గుర్తునకు వచ్చినది.

కాళహస్తికి పోవు గూడూరువారిని, నెల్లూరువారిని, ఏ ఊరివారినైనను నేను కోరునది ఇది. పూజ ముగిసిన తరువాత ఒక్క పూట ఉండుడు. కన్నప్పకొండ యెక్కి నది మలుపును చూడుడు. కలము పట్టిన చేతులనుండియే బట్ట కొనుడు; దానిని ఎచ్చట ఉతికితిరని అడుగుడు. ఏటిలో బట్టలు వదలకుడు. పట్టణపు పెద్దలును, అధికారులును స్నానఘట్టములకు రాళ్లు పరచుటకు పూర్వము మురుగుకాలువలను నదిలో పడకుండ మళ్లింపవలెను. మిగిలియున్న కొద్ది ఇసుకనైనను ఏటిలోనే యుండనీయవలెను. వచ్చు కనుమనాడు గిరిప్రదక్షిణమునకు వేలకొలది జనము కాళహస్తికి పోవుదురు. వారు కాలు కడుగుకొనుటకు స్వర్ణముఖిలో నీరుండవలెను.